ఊక రంగు

గుంటగలగర కోసం దాళ్వా కోతలకి ముందే తిరగాలి.
కాలువ కట్టేశారంటే గట్టు ఎండిపోతుంది.
ముక్కామల దాటాక వంగి వంగి కోశాం
నేనూ, మా కాలేజీలో ఎలకల గది చూసే ఏసుపాదమూ.
చొక్కా గుండీలంతేసి తెల్లపూలు.
నలిపితే పచ్చరసం
చూస్తుండగానే వేళ్ల మీద నల్లబడుతుంది.
"మా నాయనమ్మ దీంతో కాటుక పట్టేదండి" అన్నాడు.

నీడన ఆరబెట్టి, దంచి, ఆల్కహాలులో
పద్దెనిమిది గంటలు మరిగించాం.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.
చివరికి గిన్నె అడుగున
తాటిబెల్లం పాకంలా కొంచెం.
"బస్తాడు ఆకుకి ఇంతేనా అండి!"
సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు,
కల్లు ముంతలో ఈగని వెతికినట్టు.

ముప్ఫై ఎలకలు, ఐదు బోన్లు.
మొదటి దానికి ఉత్త నీళ్లు.
రెండో దానికి క్షయ మాత్రలు మాత్రమే
లివరు ఎంత పాడవుతుందో చూడ్డానికి.
తర్వాతి రెండింటికీ మాత్రలూ, మా నల్లపాకమూ,
ఒకదానికి తక్కువ, ఒకదానికి ఎక్కువ.
ఆఖరి దానికి మాత్రలతో పాటు షాపులో కొన్న లివరు మందు,
పోల్చుకోడానికి.

రైసుమిల్లు ఊక తెచ్చి బోన్లలో పరిచేది ఏసుపాదమే.
నాలుగో రోజుకి ఊక నారింజరంగు తిరిగింది.
కంగారు పడకు, మాత్రల రంగు, ఉచ్చలో దిగుతుంది అన్నాను.
అతను చాలాసేపు ఊక ఎత్తుతూనే ఉన్నాడు.
తలెత్తకుండానే
"నాక్కూడా ఇదే రంగండి. రెణ్ణెల్లయ్యింది."

సర్కారు ఆసుపత్రి మాత్రల అట్టలు
అతని క్యారేజీ సంచిలోనే ఉన్నాయి.
ఉద్యోగం పోద్దని ఎవరికీ చెప్పలేదట.
నేను గొట్టంతో ఎలకల గొంతులో పోస్తున్నది
అతను పరగడుపునే మింగి
నా కోసం వాటి తోకలు పట్టుకుంటున్నాడు.

మూడో వారం, అతని కళ్లు. పనసతొనలు.
వాంతులు. అన్నం వాసనే పడట్లేదు.
"పదకొండో నెంబరుది భలే తిరుగుతోంది కదండీ.
ఆ సీసాలోది నాకో చెంచా..."
ఎలక వేరు, మనిషి వేరు అన్నాను.
ఎలకనైతే నెలాఖరుకి కోసి చూస్తాను,
నిన్ను కొయ్యను కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.
"ఆయ్" అన్నాడు.
ఆ ఆయ్ ఒప్పుకోలో కాదో
కోనసీమలోనే పుట్టిన నాకూ తెలీలేదు.

బండెక్కించి అమలాపురం తీసుకెళ్లాను.
డాక్టరు మాత్రలన్నీ ఆపించాడు.
లివరు దానంతటదే తేరుకోవచ్చు, చూద్దాం,
తర్వాత ఒక్కొక్కటే మొదలెడదాం అన్నాడు.
ఆకులూ పసర్లూ వద్దన్నాడు, నావైపు చూసి.

ఆ రాత్రి రిజిస్టరు తీశాను.
పదకొండో నెంబరు రెండో బోనుది.
దాని నోట్లో ఆకు చుక్క పడలేదు.

కోశాం. గాజుపలకల మీద గులాబీరంగు పొరలు.
రెండో బోనువి చెదలు తిన్న తాటాకులు,
ఒక్క పదకొండుది తప్ప.
నాలుగో బోనువి చాలామటుకు నునుపు.
పేపరవుతుందమ్మా అన్నారు గైడు గారు.
పదకొండు సంగతి అడిగితే
ప్రతి గుంపులో ఒకటుంటుందిలే అన్నారు.

ఆరు వారాలకి ఏసుపాదం వచ్చాడు.
కళ్లు తెల్లగా, చొక్కా వదులుగా.
మాత్రలు మళ్లీ మొదలెట్టారట, పడుతున్నాయట.
ఆపినందుకు తగ్గిందా, ఇంకేమైనా తాగాడా?
అతని పక్కన పెట్టి చూడ్డానికి
ఏ మందూ తాగని ఇంకో ఏసుపాదం
నా దగ్గర లేడు.

ఊక బస్తా మూతి విప్పుతుంటే చూశాను,
వేళ్లు రెండో కణుపు దాకా నలుపు.
కాలువ కట్టేసి నెలయ్యింది,
పచ్చాకు ఏ బోరు కింద దొరికిందో.
నేను చూడ్డం అతనూ చూశాడు.
"మనవరాలికి కాటుకండి" అన్నాడు
చేతులు రెండూ ఊకలోకి దించేస్తూ.